తోడుకు వెళ్ళిన తాగుబోతు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
9 జూన్ 2024

చిరంజీవి శ్రావణికి,

నూకయ్య మామ రాస్తున్నాడు. ఇక్కడ బాగున్నాం. వినోద్‌కి షిఫ్టు మారింది, అందుకని నా వేళకి ఒకసారి, వాడి వేళకి ఒకసారి నేను రెండుసార్లు అన్నం తినవలసి వస్తోంది. మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

ఇక విషయం. ఫోన్‌లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నాకు "ఆఁ", "ఊఁ", "సరే" తప్ప మాట రాదు. నా కొడుకు వినోద్‌తోనే రాదు. పైగా ఎవరి గురించి అడగాలో ఆ మనిషి పొద్దస్తమానం నా పక్కనే బెంచీ మీద ఉంటాడు. జగ్గారావు. నువ్వు చిన్నప్పుడు సెలవులకి వస్తే సైకిలు మీద గోల్‌బజారంతా తిప్పాడే, ఆయన. రైల్వే వర్క్‌షాపులో కొలిమి దగ్గర ఒకే దాగలికి అటు వాడు, ఇటు నేను. ముప్పై తొమ్మిదేళ్ళు సుత్తి వేశాం. రిటైరయ్యాక కూడా పక్కపక్కనే. వాడు కూతురు రాధారాణి క్వార్టర్‌లో, నేను వినోద్ క్వార్టర్‌లో.

వాడు తాగుతాడు. అది అందరికీ తెలిసిందే. ఇప్పుడు వేరేలా ఉంది. పొద్దున్న ఆరింటికి చేతులు వణుకుతాయి. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కాయే తాగుతుంది. ఒక గుక్క మందు వేసుకుంటే ఆ చేతులే సూదిలో దారం ఎక్కిస్తాయి. తాగినవాడు తూలాలి. వీడు తాగకపోతే తూలుతున్నాడు.

మార్చిలో మాతా పూజ నాడు అమ్మవారి ముందు ఒట్టు పెట్టి సీసా పారేశాడు. రెండో రోజు గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులపడం మొదలుపెట్టాడు. చీమలు లేవు. మధ్యాహ్నం పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. అమ్మవారు పూనిందని వీధిలో ఆడవాళ్ళు పసుపు నీళ్ళు పోశారు. ఒకావిడ తన మరిదికి ట్రాన్స్‌ఫర్ ఎప్పుడవుతుందని కూడా అడిగింది. సాయంత్రం ఎవరో చెంచాతో మందు పోస్తే లేచి కూర్చున్నాడు. దాంతో ఒట్టు పోయింది.

రాధారాణి వెళ్ళి సంగతి చెబితే, ఇలాగే తాగితే ఏడాది కష్టమని డాక్టరు అన్నాడట. తాగితే ఏడాదిలో పోతాడు. మానితే ఆ వారమే పోయేలా ఉన్నాడు. ఏం చెయ్యాలి? నువ్వు ఆ జబ్బు వార్డులోనే నర్సువి కాబట్టి అడుగుతున్నాను.

మీ అమ్మకి చెప్పకు. ఉత్తరమే రాయి.

ఇంత పెద్ద ఉత్తరం ఎప్పుడూ రాయని
నూకయ్య మామ

విశాఖపట్నం
18 జూన్ 2024

మావయ్యా,

నీ ఇన్‌లాండ్ లెటర్ చూసి మా కొత్త నర్సులు దాన్ని ఎటునుంచి విప్పాలో తెలియక చుట్టూ తిప్పారు. చివరికి చించారు. "ఏం చెయ్యాలి" అన్న చోట చినిగింది. బాగానే అతికించుకుని చదివాను.

ముందు గట్టిగా చెప్పవలసిన మాట. రోజూ తాగే మనిషి ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానకూడదు. మందు మెదడును జోకొడుతుంది. రోజూ జోకొడుతుంటే మెదడు తన పని ఆగకుండా ఇంకా గట్టిగా మేలుకోవడం నేర్చుకుంటుంది. ఒకరోజు ఆ జోల ఆగిపోతే, ఏళ్ళ తరబడి బలవంతాన మేలుకున్నదంతా ఒక్కసారే విరుచుకుపడుతుంది. వణుకు, చీమలు, మూర్ఛ అన్నీ అదే. ప్రాణం కూడా పోవచ్చు. అమ్మవారికి సంబంధం లేదు. ఆ మరిది ట్రాన్స్‌ఫర్‌కి కూడా లేదు. ఆస్పత్రిలో మాత్రలు ఇచ్చి, పది రోజుల్లో మెల్లగా తగ్గించి మానిపిస్తారు. ఈ తాగుడు బుద్ధి లేకపోవడం కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. షుగరు లాంటి జబ్బు.

ఇక రెండో మాట. కోపం తెచ్చుకోకు. మా వార్డుకి మొదటిసారి వచ్చే ప్రతివాడూ స్నేహితుడి కోసమే వస్తాడు. స్నేహితుడికి చేయి వణుకుతుందంటాడు. స్నేహితుడికి చీమలు కనిపిస్తాయంటాడు. మూడోసారి వచ్చినప్పుడు స్నేహితుడు మాయమవుతాడు. పొద్దున్న ఆరింటికి గుక్క వేసుకున్నాక సూదిలో దారం ఎక్కుతుందని నీకంత వివరంగా ఎలా తెలిసింది మావయ్యా? నీ చేతిరాత కూడా వంకర్లు పోయింది. అత్త పోయాక నువ్వు ఒక్కడివే అయ్యావని మాకు తెలియదా?

నేనేమీ అనుకోను. తాగుడు జబ్బు గురించి తెలుగు పుస్తకాలు కొన్ని పార్సిల్ పంపుతున్నాను. చదువు.

నీ మేనకోడలు,
నర్సు కంటే ముందు మేనకోడలు,
శ్రావణి

ఓల్డ్ సెటిల్‌మెంట్
29 జూన్ 2024

చిరంజీవి శ్రావణికి,

నేను కాదు.

చేతిరాత సంగతి. ఉత్తరం బెంచీ మీద కూర్చుని రాశాను. జగ్గారావు అదే బెంచీ మీద కూర్చుని వణుకుతున్నాడు. బెంచీ వణికితే అక్షరం వణకదా?

సూదిలో దారం సంగతి. నా చొక్కాకి గుండీ కుట్టింది వాడే. నాకు కళ్ళు ఆనవు.

నేను తాగను. నీకు తెలుసనుకున్నాను.

నూకయ్య మామ

విశాఖపట్నం
8 జూలై 2024

మావయ్యా,

"నేను కాదు" అని రాశావు. మా వార్డులో ఆ మాట రోజుకు నలభైసార్లు వింటాం. అది అబద్ధం అనను. జబ్బు మాట్లాడే మొదటి మాట అదే.

ఒక పొరపాటు జరిగింది. నీ ఉత్తరం అమ్మ కంట పడింది. నీ చెల్లెలు జోగమ్మ గారి సంగతి తెలుసు కదా. ముందు ఏడ్చింది, తర్వాత వినోద్ బావకి ఫోన్ చేసింది, ఆ తర్వాత నన్ను తిట్టింది. "మా నాన తాగినాడు, మా అన్న కూడా అయిపోనాడు, ఆ రగతంలోనే ఉన్నాది" అని ఇంకా కూర్చుని ఉంది. రక్తంలో కొంత ఉండే మాట నిజమే. తాతయ్య తాగేవాడు కాబట్టి నీకు వచ్చే వీలు మిగతావాళ్ళ కంటే ఎక్కువ. కానీ వీలు వేరు, రావడం వేరు.

వినోద్ బావ ఏమైనా అంటే ఓర్చుకో.

శ్రావణి

ఓల్డ్ సెటిల్‌మెంట్
4 ఆగస్టు 2024

చిరంజీవి శ్రావణికి,

చాలా జరిగింది. వరసగా రాస్తాను.

ముందు వినోద్. మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి నా కాలరు సరిచేస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా నా కాలరు వైపు చూడనివాడు రోజుకు మూడుసార్లు సరిచేసి, దగ్గరికొచ్చి ముక్కు ఎగబీలుస్తున్నాడు. నేను అన్నం తిన్నాక యాలక్కాయ నములుతాను. "ఏటి నాన్నా, వాసన కప్పెట్టడానికేటి?" అన్నాడు. యాలక్కాయ మానేశాను. మానితే, "ఈమధ్య నమలడం లేదేటి, అయిపోనాయేటి?" అంటున్నాడు.

తర్వాత నీ పార్సిల్. పోస్టుమాన్ దాదా జగ్గారావు చేతికి ఇచ్చాడు. ఉత్తరాలు తప్ప నా పేరున వచ్చిన పొట్లం ఏదైనా వాడే విప్పుతాడు, అది మాకు అలవాటే. పుస్తకాలు అన్నీ చదివాడు. వాడు ఎనిమిది దాకా చదివినవాడు. సాయంత్రం బెంచీ దగ్గరికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఏటిరా ఇది? నువ్వు తాగుతున్నావేటి?"

నేను నేల వైపు చూశాను. నేనెప్పుడూ నేల వైపే చూస్తాను. వాడు దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకున్నాడు.

"యాబై ఏళ్ళు నా పక్కన కూకొని, నన్నొగ్గేసి ఒక్కడివే తాగుతావేటిరా? మనిసివేనేటి నువ్వు?"

చెమట పట్టింది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను.

"సర్లే, ఏడవకు" అన్నాడు. నేను ఏడవలేదు. "నాను లేనేటి? ఆస్పత్రికి నాను తీసుకెల్తాను. నాదంటే మొండి ఒల్లు. నీది సన్న పేనం, నీకు తాగుడు పడదు."

కాదని చెబుదామని ఆ రాత్రి మాటలన్నీ కూడబలుక్కున్నాను. పొద్దున్నే రాధారాణి చేపల పులుసు గిన్నెతో వచ్చింది. గిన్నె పెట్టి, తలుపు దగ్గరగా వేసి, నా కాళ్ళకి దండం పెట్టింది. "సిన్నాన్నా, నువ్వు కాదనకు. నా కోసం నాలుగు రోజులు తాగుబోతువైపో. మా నాన ఆస్పత్రి గుమ్మం తొక్కుతానన్నది ఇదే మొదులు" అంది.

అందుకని తాగుబోతునయ్యాను.

ఇందా పేటలో ఆస్పత్రి నడిపే మన తెలుగు డాక్టరమ్మ ఉంది, జ్ఞానరత్నం గారు. రాధారాణి ముందురోజే వెళ్ళి ఆవిడకి అంతా చెప్పింది. రక్తం తీస్తామంటే జగ్గారావు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఈడికి సూదంటే బయ్యం డాక్టరమ్మా. ముందల నాకు గుచ్చండి, సూసి దైర్నం తెచ్చుకుంటాడు" అన్నాడు. ఇద్దరికీ గుచ్చారు. మర్నాడు కాగితాలు వచ్చాయి. నాది చూసి ఆవిడ పక్కన పెట్టింది. వాడిది చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇద్దర్నీ పది రోజులు ఉంచాలి. మంచం ఒకటే ఉంది. ఎవరి రక్తం ఎక్కువ చెడిందో వాళ్ళకి మంచం, రెండోవాళ్ళకి బల్ల" అంది.

జగ్గారావు ముందు బల్లనీ, తర్వాత మంచాన్నీ నొక్కి చూశాడు. "మంచం నానే తీసుకుంటాను. బల్ల మీదుంటే నువ్వు నా కల్ల ముందల ఉంటావు. తప్పించుకొని ఎల్లి తాగుతావేమో సూత్తుంటాను" అన్నాడు.

పది రోజులు నేను బల్ల మీద పడుకున్నాను. నా నడుము సంగతి రాయను. మూడో రోజు వాడికి బాగాలేదు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "వణుకుతున్నావురా నూకా" అన్నాడు. వణుకు వాడిది. ఏడో రోజు ఒంటి చేత్తో టీ తాగాడు. చొక్కా తడవలేదు.

ఇవాళ ఆదివారం, నాలుగింటికి తాగుడు మానినవాళ్ళ సభకి వెళ్ళొచ్చాం, ఇక ప్రతి వారమూ వెళ్ళాలి. చర్చి వెనక బడి గదిలో. విల్‌ఫ్రెడ్ అని రిటైరైన రైలు గార్డు నడుపుతాడు, ఆయన మానేసి ఇరవై రెండేళ్ళు. ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి, తమ కథ చెప్పాలి. నా వంతు వచ్చింది. జగ్గారావు లేచాడు. "ఈడికి మాట రాదు. ఈడి తరపున నాను సెప్తాను" అని మొదలుపెట్టాడు. నేను ఫ్లష్ ట్యాంకులో సీసా దాస్తానట. చేతులు వణుకుతున్నాయని తెలియకుండా గ్లాసు మీద తువ్వాలు చుట్టి పట్టుకుంటానట. పొద్దున్న లేవగానే ఇవాళ తాగను అనుకుంటానట, పళ్ళు తోముకునేసరికే ఓడిపోతానట. అది చెప్పేటప్పుడు వాడి గొంతు మారింది. అందరూ నా వైపు జాలిగా చూశారు. ఒక బెంగాలీ ఆయన నా భుజం తట్టాడు.

ఇదీ సంగతి. ఇప్పుడైనా నమ్ముతావా?

తాగని నూకయ్య మామ

విశాఖపట్నం
14 ఆగస్టు 2024

మావయ్యా,

నమ్మాను. డ్యూటీ గదిలో కూర్చుని ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత తలుపు వేసుకుని ఏడ్చాను, తర్వాత అమ్మకి చదివి వినిపించాను. అమ్మ, "నా అన్న బంగారం, నాకు ముందే తెలుసు" అంది. ఆ మాట మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ కాదనలేరు. నన్ను క్షమించు. పది రోజుల బల్లకి కూడా.

కానీ నర్సుగా ఒక మాట. పది రోజుల్లో ఒంట్లో మందు పోయింది, అంతే. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. నీ పేరు మీద ఆయన ఎన్నాళ్ళు బాగుపడతాడు? ఎప్పుడో ఒకప్పుడు "తాగేది నేను" అని ఆయనే అనాలి. ఆ మాట నువ్వు ఆయన నోట్లో పెట్టలేవు. కానీ ఆ మాట అవసరం లేకుండా చెయ్యడమూ మంచిది కాదు.

ఇంకో సంగతి నాకు అర్థం కావడం లేదు. నువ్వు రేషన్ షాపులో తక్కువ తూచినా నోరు విప్పవు. నలుగురిలో తాగుబోతు అనిపించుకోవడానికి ఎలా ఒప్పుకున్నావు? రాధారాణి దండం పెట్టినందుకేనా?

శ్రావణి

ఓల్డ్ సెటిల్‌మెంట్
25 ఆగస్టు 2024

చిరంజీవి శ్రావణికి,

రాధారాణి దండం పెట్టినందుకు కాదు.

ఇది మీ అత్తకి కూడా చెప్పలేదు. నేను ఊరి నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరింది 1974లో. ఇరవై ఒక్క ఏళ్ళు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు గేట్లు తెరుస్తారు, ఆడవాళ్ళూ పిల్లలూ వచ్చి యంత్రాలు చూసి వెళతారు, ఊరంతా గాలిపటాలు. వాళ్ళు వెళ్ళాక కొత్తగా చేరినవాళ్ళని కొలిమి దగ్గర వరసగా కూర్చోబెట్టి మేస్త్రి తలా ఒక గ్లాసు పోస్తాడు. అది తాగితేనే కొలిమి మనిషి. అది ఆనవాయితీ.

మా నాన్న తాగి వచ్చి మా అమ్మను కొట్టేవాడు. ఆ వాసన వస్తే నాకు అమ్మ ఏడుపే వినిపిస్తుంది. ఆ మాట అంతమందిలో చెప్పలేను. గ్లాసు చేతిలో పట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాను. అందరూ నవ్వుతున్నారు. పక్కన కూర్చున్న జగ్గారావు, అప్పటికి నాకు సరిగా పరిచయం కూడా లేదు, నా చేతిలో గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు. "ఈడిదీ నాదీ ఒకటే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నుంచి అదే ఆనవాయితీ అయింది. జీతం రోజున, ఎవరైనా రిటైరైతే, ఎవరికైనా కొడుకు పుడితే, నా గ్లాసు కూడా తిన్నగా వాడి ముందే పెట్టేవారు. వాడు ఎప్పుడూ విసుక్కోలేదు. నేను ఎప్పుడూ వద్దనలేదు. వద్దంటే నేను తాగవలసి వస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ళు అందరూ ఒక్కొక్కటి తాగితే వాడు రెండు తాగాడు. వాడి నాన్న తాగేవాడు కాదు. హార్మోనియం వాయించేవాడు.

నా గ్లాసు వాడు తాగకపోతే ఇలా అయ్యేవాడా? అవుననో కాదనో రాయి. చుట్టూ తిప్పకు.

వాడు మానేసి నేటికి ముప్పై నాలుగు రోజులు.

నూకయ్య మామ

విశాఖపట్నం
4 సెప్టెంబరు 2024

మావయ్యా,

అవుననో కాదనో ఒక్క మాట అడిగావు. ఆ మాట నా దగ్గర లేదు. పెద్ద డాక్టర్ల దగ్గర కూడా లేదు.

లెక్క ప్రకారం తాగుడు నీకు రావాలి. మీ నాన్న తాగేవాడు, చిన్నప్పుడు దెబ్బలు చూశావు, మనసులో మాట బయటికి చెప్పవు. పుస్తకాల్లో ఉన్నవన్నీ నీలో ఉన్నాయి. నీకు రాలేదు. హార్మోనియం వాయించే ఆయన కొడుక్కి వచ్చింది. ఆ వరసలో కూర్చున్న మిగతావాళ్ళు ఏమయ్యారు? వాళ్ళందరికీ ఒకటే మేస్త్రి, ఒకటే సీసా.

జగ్గారావు మావయ్య ఎంత తాగినా తొందరగా తూలేవాడు కాదని నువ్వే ఒకప్పుడు గొప్పగా చెప్పేవాడివి. అది గొప్ప కాదు, ప్రమాదం. తూలనివాడికి చాలు అనే సంగతి ఒళ్ళు చెప్పదు. కొలిమి వేడి ఉంది. జీతం రోజు ఉంది. రిటైరైన నెలలోనే రాధారాణి అమ్మ పోయింది. పొద్దున్న లేచి వెళ్ళడానికి చోటు లేదు, ఇంట్లో ఎదురుచూసే మనిషి లేదు. అప్పుడు సీసాయే ఆయనకి డ్యూటీ అయింది, టైము ప్రకారం ఆరింటికి ఎక్కే డ్యూటీ. వీటన్నిటి మధ్యా నీ గ్లాసు కూడా ఉంది. లేదని అబద్ధం రాయను. కానీ అది ఒక్కటే అయి ఉంటే మాకు ఇంత పెద్ద వార్డు అక్కర్లేదు, గ్లాసులు పోసినవాళ్ళని నాలుగు తిట్టి ఇంటికి పంపేసేవాళ్ళం.

నువ్వు అప్పు తీరుస్తున్నాననుకుని మోయకు. స్నేహితుడివని మొయ్యి. రెండిటికీ తేడా ఉంది.

పదిహేడున విశ్వకర్మ పూజ కదా. ఆ రోజు ఆయన్ని వర్క్‌షాపు వైపు వెళ్ళనివ్వకు.

శ్రావణి

ఓల్డ్ సెటిల్‌మెంట్
23 సెప్టెంబరు 2024

చిరంజీవి శ్రావణికి,

వెళ్ళాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ నేను బెంచీ మీద కాపలా ఉన్నాను. పాత వాళ్ళందరికీ పిలుపు వచ్చింది, మాకూ వచ్చింది. "పెసాదం తీసుకొని వొచ్చెత్తాను, నువ్వు రాకు, నీకు మంచిది కాదు" అన్నాడు. నా మంచి కోసం నన్ను ఇంట్లో ఉండమని వాడు వెళ్ళాడు. వద్దని గట్టిగా అనాలి. అనలేకపోయాను. సాయంత్రం ఇద్దరు మోసుకొచ్చారు.

నిన్న ఆదివారం. వాడే నన్ను లేపాడు, "సబకి ఎల్దాం" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంతోషించాను.

సభలో విల్‌ఫ్రెడ్, "ఎవరైనా చెబుతారా?" అన్నాడు. జగ్గారావు లేచాడు. నూకయ్య పడిపోయాడని చెప్పాడు. యాభై ఏడు రోజులు నిలబడి, పూజ నాడు పాత స్నేహితుల్ని చూసి ఆగలేకపోయాడని చెప్పాడు. ఎలా జరిగిందో అంతా చెప్పాడు. మొదటి గ్లాసు వద్దన్నాడట. రెండోసారి కూడా వద్దన్నాడట. మూడోసారి ఎవరూ అడగలేదట, తనే అడిగాడట. "పాపం, ఈడిని ఏటీ అనకండి" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. విల్‌ఫ్రెడ్, "నూకయ్యా, ఇట్స్ ఓకే మ్యాన్, మళ్ళీ మొదలుపెడదాం" అన్నాడు.

అప్పుడు నాకు నువ్వు రాసింది గుర్తొచ్చింది. నేను తల ఊపితే ఆ మచ్చ నాకే ఉండిపోతుంది. నాకేం నష్టం లేదు. కానీ వాడు నా పేరు చాటునే తాగుతూ మెల్లగా పోతాడు. కాదంటే పాతికమంది ముందు వాడి పరువు పోతుంది. ఎటు చూసినా నష్టం వాడికే.

లేచాను. నా జన్మలో సభలో లేవడం అదే మొదటిసారి. ముందున్న కుర్చీ పట్టుకున్నాను. "నేను ఎప్పుడూ తాగలేదు. వాడితో రావడానికే వచ్చాను. నాకున్నది ఒక్కడే స్నేహితుడు, వాడు చచ్చిపోతాడని నాకు భయం" అన్నాను. అంతే అన్నాను. 

జగ్గారావు నా వైపు చూడలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఇవాళ బెంచీ మీదికి రాలేదు.

పాడు చేశానా?

నూకయ్య మామ

విశాఖపట్నం
1 అక్టోబరు 2024

మావయ్యా,

పాడు చెయ్యలేదు.

మళ్ళీ తాగడం ఈ జబ్బులో చాలామందికి జరుగుతుంది. మళ్ళీ తాగితే మొదటికి వచ్చినట్టు కాదు. ఆయనకి యాభై ఏడు రోజులు మానగలనని తెలిసింది. అది ఒళ్ళు మరిచిపోదు.

నువ్వు ఇప్పుడు చెయ్యవలసిన పని నీకు బాగా వచ్చిన పనే. బెంచీ మీద కూర్చో, ఏమీ మాట్లాడకు, ఎక్కడికీ వెళ్ళకు.

అమ్మ నీకు యాలక్కాయలు పంపుతోంది. వినోద్ బావకి నేను చెప్పాను.

శ్రావణి

చర్చి వెనక, ఖరగ్‌పూర్
20 అక్టోబరు 2024, ఆదివారం

చిరంజీవి శ్రావణికి,

నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. నీ ఉత్తరం రాకముందు నుంచీ కలిపి మూడు వారాల పైనే కూర్చున్నాను. దుర్గాపూజ పందిళ్ళు వేశారు, తీశారు. వినోద్ ఇప్పుడు నా కాలరు జోలికి రావడం లేదు, కానీ సభలో మాట్లాడానని తెలిసి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

మొన్న గురువారం సాయంత్రం జగ్గారావు వచ్చి బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. కాసేపయ్యాక, "ఏటిరా, మాటాడవు?" అన్నాడు. నేనెప్పుడు మాట్లాడాను గనక.

"నువ్వు తాగవని నాకు తెల్దనుకున్నావేటి?" అన్నాడు.

"తెలుసా?"

"యాబై ఏళ్ళు నీ పక్కన కూకున్నోడిని. తెల్దేటి? ఆ పొట్లం ఇప్పి సదివినాను. లోపలున్నదంతా నా కతే. పైన పేరొకటే నీది. ఆ పేరెనక నక్కి ఆస్పత్రికి నడిసినాను. నా పేరుతో అయితే ఆ గుమ్మం కాడికెల్లి తిరిగొచ్చెద్దును."

"మరి సభలో నన్నెందుకు చెప్పావు?"

"నీ పేరు మీద బాగున్నాను గదా, నీ పేరు మీదే పడిపోతే సరిపోద్దనుకున్నాను. నువ్వు లెగిసి కాదన్నావు. నీ నోట అంత పెద్ద మాట నాను ఎప్పుడూ ఇన్లేదు. ఒక వారం కోపమొచ్చింది. ఇంకో వారం సిగ్గు. ఆ తరవాత ఒక్కడినే డాక్టరమ్మ కాడికి ఎల్లినాను. సీటీ మీద ఏ పేరు రాయాలని అడిగింది. సెప్పినాను."

"ఏ పేరు?"

"ఎర్రిబాగులోడా, నా పేరే" అన్నాడు.

అప్పుడు వాడితో ఆ గ్లాసు సంగతి ఎత్తాను. నా వంతు కూడా తాగించాను, తప్పు నాదని చెప్పాను. వాడు చాలాసేపు నవ్వాడు. "నీ గ్లాసు కోసమే నీ పక్కన కూకునీవోడిని. నువ్వు తాగేవోడివైతే నీతో నాకేటి పని?" అన్నాడు. నవ్వు అయ్యాక, తను కుట్టిన నా చొక్కా గుండీని ఒకసారి లాగి చూశాడు. వెళ్ళేటప్పుడు, "ఆదివారం తోడొత్తావేటి?" అన్నాడు. అన్నాళ్ళూ నన్ను తీసుకెళ్ళినవాడు, నన్ను రమ్మని అడగడం అదే మొదటిసారి.

అందుకని వచ్చాను. విల్‌ఫ్రెడ్ గుమ్మంలోనే నన్ను ఆపాడు. తాగనివాడికి లోపల పని లేదట. "సారీ మ్యాన్" అని నా చేతిలో టీ గ్లాసు పెట్టి, కిటికీ కింద అరుగు చూపించాడు. ఇది ఆ అరుగు మీద రాస్తున్నాను. ఎవరూ వణకడం లేదు, చేతిరాత చూసుకో.

లోపల ఎవరో బెంగాలీలో చెబుతున్నారు. ఆయనది అయిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడు. తొంగి చూశాను, జగ్గారావు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. నేల వైపు చూస్తున్నాడు. అంత మాటకారి, ఒక్క మాట రావడం లేదు.

వచ్చింది. తన పేరే చెప్పాడు. తర్వాతది వినాలి, ఉంటాను.

నూకయ్య మామ